రెండు ఫొటోల మధ్య దూరం

ఆఫ్రికాకు వాయవ్యంగా, అట్లాంటిక్ మహాసముద్రంలో కేనరీ, మదీరా, అజోర్స్ అనే ద్వీపసమూహాలు ఉన్నాయి. కేనరీలకూ మదీరాకూ మధ్య నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు లోతైన నీళ్లు. మదీరా నుంచి అజోర్స్ చేరాలంటే దాదాపు దానికి రెట్టింపు. ఒక ద్వీపసమూహం దగ్గర కనిపించిన డాల్ఫిన్లలో కొన్ని మరికొన్నాళ్లకు ఇంకో ద్వీపసమూహం దగ్గర కనిపించాయి. వాటికి ఎవరూ రేడియో కట్టలేదు, ముద్ర వేయలేదు. అవి ఇవేనని తెలిసింది ఫొటోల వల్లే.

డాల్ఫిన్ ఊపిరి పీల్చుకోవడానికి పైకి వచ్చినప్పుడు దాని వీపు మీది రెక్క నీటిపైన కనిపిస్తుంది. ఆ రెక్క వెనక అంచు పల్చగా ఉంటుంది. తోటి డాల్ఫిన్ల పళ్లు తగిలీ, వేరే దెబ్బలు తగిలీ అంచులో చీలికలు, గాట్లు ఏర్పడతాయి. అవి చాలా ఏళ్లు అలాగే ఉంటాయి, ఏ రెండు రెక్కలకూ ఒకేలా ఉండవు. 1970లలో అర్జెంటీనా తీరంలో బెర్న్డ్, మెలనీ వుర్సిగ్ అనే పరిశోధక దంపతులు ఈ గాట్ల ఆధారంగా ఒక్కొక్క డాల్ఫిన్‌ను గుర్తుపట్టి, గుంపులో ఎవరెవరున్నారో లెక్క తీశారు. 1977లో ఆ పని ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అప్పటి నుంచి సముద్రం మీద పనిచేసే పరిశోధకులు రెక్కల ఫొటోల జాబితాలు తయారు చేసుకుంటున్నారు. రెండు చోట్ల జాబితాలు పక్కపక్కన పెట్టి, ఒకే రెక్క రెండింటిలోనూ ఉంటే ఆ జంతువు ప్రయాణించిందని చెబుతారు.

ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. గాట్లు లేని రెక్క ఉన్న డాల్ఫిన్‌ను గుర్తుపట్టలేం, కాబట్టి జాబితాలో లేనిది సముద్రంలో లేదని అర్థం కాదు. రెండోది, రెండు ఫొటోలు ఇచ్చేది నేరు దూరమే. ఆ జంతువు ఏ దారిన వెళ్లింది, మధ్యలో ఎక్కడ ఆగింది, ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది అన్నది ఫొటోల్లో ఉండదు.

ఇంకో సంగతి హవాయి నుంచి వస్తుంది. అక్కడి ద్వీపాలు ఒకదానికొకటి చాలా దగ్గర. ఒక ద్వీపం నుంచి ఇంకోదానికి ఈదడం బాటిల్‌నోస్ డాల్ఫిన్‌కు కష్టమేమీ కాదు. అయినా పరిశోధకుడు రాబిన్ బేర్డ్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు పోల్చి 2009లో ప్రచురించిన ఫలితంలో, ప్రధాన ద్వీపాల్లోని నాలుగు ప్రాంతాల మధ్య అవి రాకపోకలు సాగించిన దాఖలా ఒక్కటీ లేదు. ఎవరి ద్వీపం దగ్గర వారే ఉన్నారు. వెళ్లగలగడం వేరు, వెళ్లడం వేరు. దూరాన్ని కిలోమీటర్లలో కొలిచి ‘ఇవి కలిసే ఉన్నాయి’ అనుకోవడం తప్పవుతుంది.

ఇక మన నేలకు వస్తే, ఆంధ్రప్రదేశ్‌లోని హనుమంతునిపాడు నుంచి పడమటికి చూస్తే వెలిగొండలు. వాటికి అవతల కంభం, గిద్దలూరు లోయ. ఆ లోయ దాటితే నల్లమల. సముద్రంలో ద్వీపాలకూ జంతువులకూ ఉన్న సంబంధం ఇక్కడ అడవులకూ పులులకూ ఉంది. ఉత్తరాన మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు. దానికి దక్షిణంగా 1,194 చదరపు కిలోమీటర్ల గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, అక్కడే గుండ్లకమ్మ పుడుతుంది. ఇంకా కిందికి కడప జిల్లాలో లంకమల, వెలిగొండల మీద నెల్లూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం. చివరికి పెన్న దాటి శేషాచలం. గిద్దలూరు నుంచి తిరుపతికి నేరుగా కొలిస్తే దాదాపు 200 కిలోమీటర్లు.

దేశంలో పులుల రాకపోకలకు ముఖ్యమైన 32 దారులను జాతీయ పులుల సంరక్షణ సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ 2014లో గుర్తించాయి. ఇలాంటి దారిని కారిడార్ అంటారు, అంటే రెండు అడవుల మధ్య జంతువు నడిచి వెళ్లగలిగిన నేల. ఆ జాబితాలో నాగార్జునసాగర్ నుంచి శేషాచలంలోని శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు వరకు ఉన్న దారి కూడా ఉంది. జాతీయ గణనలో ఆంధ్రప్రదేశ్ పులుల సంఖ్య 2018లో 48, 2022లో 63. సంఖ్య పెరిగినప్పుడు పిల్లలకు చోటు కావాలి. రెండేళ్లు నిండే వయసులో మగపులి తల్లిని వదిలి దూరంగా పోతుంది. ఆడపులి సాధారణంగా తల్లి దగ్గర్లోనే చోటు చూసుకుంటుంది.

పులిని గుర్తుపట్టడానికి చారలు ఉన్నాయి. ప్రతి పులికీ చారల అమరిక వేరు, ఒకే పులికి కుడిపక్క చారలూ ఎడమపక్క చారలూ కూడా వేరు. అందుకే అడవి బాటకు ఇరువైపులా, మోకాలి ఎత్తున, ఎదురెదురుగా రెండు కెమెరాలు చెట్లకు కడతారు. ముందు నుంచి వేడి శరీరం కదిలితే రెండూ పనిచేస్తాయి, రెండు పక్కలూ ఒకే క్షణంలో పడతాయి. ఒక్క పక్కే పడితే, ఇంకోచోట రెండో పక్క పడితే, అవి ఒకటో రెండో చెప్పలేం. 1990లలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో ఈ విధానాన్ని గణాంక శాస్త్రంతో జోడించారు. అంతకుముందు అడుగుల అచ్చులు గీసి పులులను లెక్కపెట్టేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులు ఉండగా అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005 నాటికి తేలింది. ఆ తర్వాతే దేశం మొత్తానికీ కొత్త పద్ధతి వచ్చింది.

చారలను పోల్చే కంప్యూటర్ ప్రోగ్రాముకూ సముద్రంతో సంబంధం ఉంది. లెక్స్ హిబీ అనే పరిశోధకుడు మొదట బూడిదరంగు సీల్ జంతువుల ఒంటి మచ్చలను పోల్చడానికి ఒక పద్ధతి తయారు చేశారు. అదే మార్గం పులులకు వచ్చింది: ఫొటోలోని పులి ఒంటిని మూడు కొలతల ఆకారం మీదికి ఎక్కించి, ఒంగినా తిరిగినా చారలను సరిచేసి పోల్చడం. దీనితో బతికున్న పులి ఫొటోను, వేటగాళ్ల దగ్గర పట్టుబడిన చర్మంతో కూడా సరిపోల్చవచ్చని 2009లో ఆయన బృందం చూపింది.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఒక్క పులి దాటింది అంటే రెండు అడవులు కలిసినట్టేనా? 2019 జూన్‌లో మహారాష్ట్రలోని టిపేశ్వర్ అభయారణ్యం నుంచి రేడియో కాలర్ ఉన్న ఒక మగపులి బయలుదేరింది. తెలంగాణలోకి కూడా వచ్చి, పొలాలు, రోడ్లు, వాగులు దాటుకుంటూ ఆ ఏడాది చివరికి జ్ఞానగంగా అభయారణ్యం చేరింది. ఈ రెండింటి మధ్య నేరు దూరం 300 కిలోమీటర్లు కూడా ఉండదు. కాలర్ చెప్పిన ప్రకారం తొమ్మిది నెలల్లో అది నడిచింది 3,000 కిలోమీటర్ల పైన. దాని నడక దేశాన్ని అబ్బురపరిచింది. కానీ జ్ఞానగంగాలో దానికి జత లేదు. జత లేని మగపులి ఉన్న అడవిలో తరువాతి తరం ఉండదు. ఆడపులి దాటి, అక్కడ పిల్లలను పెట్టి, ఆ పిల్లలు బతికితేనే అడవులు కలిశాయని అనగలం.

కలవకపోతే ఏమవుతుందో ఒడిశాలోని సిమిలిపాల్ చూపుతోంది. అక్కడి పులులు చుట్టుపక్కల పులులకు చాలా తరాలుగా దూరమయ్యాయి. దాదాపు మూడింట ఒకటి నల్లటి వెడల్పు చారలతో పుడుతోంది. బెంగళూరులోని జాతీయ జీవవిజ్ఞాన కేంద్రం పరిశోధకులు దీనికి కారణం ఒక జన్యువులో మార్పు అని 2021లో తేల్చారు. కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ వచ్చినప్పుడు, మరెక్కడా దాదాపు కనిపించని లక్షణం అక్కడ మామూలవుతుంది. నల్లచారలు చూడటానికి వింతగా ఉంటాయి. అదే బాటలో కనిపించని జబ్బులు కూడా చేరితే వాటిని ఫొటోలో చూడలేం.

సముద్రానికీ మన నేలకూ ఉన్న అసలు తేడా ఇక్కడే. హవాయి డాల్ఫిన్ల మధ్య నీళ్లు అడ్డం కాదు, వాటికి వెళ్లే పని లేదు. నల్లమల కుర్ర మగపులికి వెళ్లే పని ఉంది, మధ్యనున్న నేల దాన్ని ఆపగలదు. దక్షిణానికి పోవాలంటే అది నంద్యాల–గిద్దలూరు ఘాట్ రోడ్డును, గాజులపల్లె–దిగువమెట్ట రైలుమార్గాన్ని దాటాలి. తరువాత కొమరోలు, పోరుమామిళ్ల, బద్వేలు వైపు కొండలను ఆనుకున్న కంది, మిరప, పత్తి చేలు. ఆపైన పెన్న. ఈ నేల ఏ అభయారణ్యం పటంలోనూ లేని రైతుల భూమి, మేకలు గొర్రెలు మేసే బీడు. శేషాచలంలో పులి కుటుంబం స్థిరపడుతుందా అన్నది నల్లమలలో కాపలా ఎంత గట్టిదన్న దానికన్నా ఈ మధ్య నేల ఎలా ఉంటుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అభిప్రాయం.

అడవులను కలిపి ఉంచే పని పూర్తిగా మనిషికి వ్యతిరేకంగా సాగాల్సిన అవసరం లేదని వెలిగొండ ప్రాజెక్టు చూపుతుంది. హనుమంతునిపాడు, కనిగిరి ప్రాంతాల ఫ్లోరైడ్ నీళ్లకు బదులు కృష్ణ నీళ్లు తేవాలన్నది ఇక్కడివాళ్ల చిరకాల కోరిక. ఆ నీళ్లకోసం నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. పైన అడవి అలాగే ఉంది, పులి దాని మీదుగా నడవగలదు. దోర్నాల నుంచి శ్రీశైలానికి రాత్రిపూట వాహనాలను ఆపడం కూడా ఇలాంటిదే: రోడ్డు మనదే, రాత్రి జంతువులది. ఇలాంటి ఏర్పాటు రిజర్వు లోపల సులభం. మధ్య నేలలో చేయడమే కష్టం, అక్కడే అవసరం.

ఆ మధ్య నేలలో పులికి పెద్ద ముప్పులు రెండు. ఒకటి, అడవిపందుల కోసం చేల చుట్టూ కట్టే కరెంటు తీగ. అది పందినీ పులినీ, రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతునూ ఒకేలా చంపుతుంది. రెండు, పులి చంపిన ఆవు మీద చల్లే విషం. ఆవు పోయిన రైతు కోపంలో న్యాయం ఉంది. పరిహారం ఆలస్యమైన కొద్దీ ఆ కోపం పెరుగుతుంది, కాబట్టి చెల్లింపు వేగంగా జరగాలి. పులి తాను చంపినదాన్ని ఒక్కసారిగా తినదు, తిరిగి వస్తుంది. విషం పెట్టేవాళ్లకూ ఈ సంగతి తెలుసు, అటవీ సిబ్బందికీ, వాళ్లతో పనిచేసే చెంచులకూ తెలుసు. కళేబరాన్ని కదపకుండా కబురు పెడితే, అక్కడ ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. రాత్రి పడిన రెండు పక్కల చారలను శ్రీశైలం వైపు పులుల ఫొటోల జాబితాతో సరిచూస్తే, ఆ పులి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసే వీలుంది.