మొక్కల పిండిపదార్థం టీకాకు ఎప్పుడు తోడవుతుంది?

2021 ఏప్రిల్‌లో కరోనా రెండో దశ ముంచుకొస్తున్నప్పుడు, చిరంజీవి ఆధ్వర్యంలోని కరోనా క్రైసిస్ చారిటీ అపోలో 24/7తో కలిసి 45 ఏళ్లు దాటిన సినీ కార్మికులకు, సినిమా విలేకరులకు ఉచితంగా టీకాలు వేయించే పని చేపట్టింది. హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ చుట్టూ రోజుకూలీ మీద బతికే లైట్‌మన్‌కు అది నిజమైన అండ. అదే కాలంలో ఇంటింటా తిప్పతీగ కషాయం మరిగింది. టీకా మీద ఈ కషాయం కూడా తాగితే మందు ఇంకా గట్టిగా పనిచేస్తుందని నమ్మినవాళ్లున్నారు. ఆ నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. చక్కెర అణువులు గొలుసుల్లా అల్లుకుంటే ఏర్పడే పాలీశాకరైడ్లు మొక్కల్లో పుష్కలంగా ఉంటాయి. వాటిలో కొన్ని టీకాకు బలమివ్వగలవన్నది నిజమే. అయితే ఆ బలం టీకా సీసాలో ఉంటేనే పనికొస్తుంది, కప్పులోంచి రాదు.

ఎందుకంటే, శుద్ధిచేసిన ప్రోటీన్ ముక్కను ఒంట్లోకి ఎక్కిస్తే రోగనిరోధక కణాలు తరచూ దాన్ని అంతగా పట్టించుకోవు. ఇది శత్రువని వాటికి చెప్పే హెచ్చరిక అక్కడే, అప్పుడే అందాలి. ఆ పని చేసేదే అడ్జువెంట్. సుమారు వందేళ్లుగా వాడుతున్న అల్యూమినియం లవణాలు యాంటీబాడీలను బాగానే పెంచుతాయి, కణాల స్థాయి రక్షణను మాత్రం అంతగా లేపవు. అందుకే హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌లో ఆ లవణానికి వైరస్‌ను పసిగట్టే కణాల్లోని గ్రాహకాలను తట్టిలేపే అణువును జోడించారు, బయొలాజికల్-ఇ వారి కార్బెవాక్స్‌లో సీపీజీ అనే డీఎన్ఏ తునకను చేర్చారు.

మొక్కల వైపునుంచి ఈ మెట్టు ఎక్కింది ఇనులిన్ అనే పాలీశాకరైడ్. మన కాఫీపొడిలో కలిపే చికోరీ వేరులో ఉండేది ఇదే. ఆస్ట్రేలియాలో నికొలాయ్ పెట్రోవ్‌స్కీ బృందం దీన్ని ఒంటి వేడికి కరగని సూక్ష్మ స్ఫటికాలుగా మలిచింది. ఆ స్ఫటికాలు, సీపీజీ కలిసిన స్పైకోజెన్ అనే కోవిడ్ టీకాకు 2021లో ఇరాన్ అత్యవసర అనుమతి ఇచ్చింది. నీళ్లలో కరిగిన ఇనులిన్‌కు అడ్జువెంట్ గుణం లేదు. తింటే అది పీచుపదార్థంగా పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. భుజంలో పడిన టీకా దగ్గరికి వెళ్లే దారే దానికి లేదు.

మరి తిప్పతీగ మీద పరిశోధనలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. ఆ తీగనుంచి తీసిన జీ1-4ఏ అనే పాలీశాకరైడ్ ఎలుకల రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తుందని భాభా అణుపరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చూపారు. అది పరిశోధన కొనసాగించడానికి గట్టి కారణమే తప్ప, కషాయానికి యోగ్యతాపత్రం కాదు. మొక్కే కదా, హాని ఏముంటుందన్న మాట కూడా నిలవదు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. వాళ్లు వాడింది అసలు తిప్పతీగో కాదో తేల్చలేదని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం సబబే కావచ్చు. కానీ ఏ మొక్కో, ఎంత మోతాదో తెలియకుండా జనం తాగుతున్నారన్న నా భయాన్ని అది ఇంకా పెంచుతోంది.

మొక్కనుంచి తీసిన అణువు టీకాలో భాగమైన ఉదాహరణ మన ముందే ఉంది. జీఎస్‌కే కంపెనీ మలేరియా టీకాలోని ప్రోటీన్ భాగం తయారీని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం 2021లో వెలువడింది. అందులో కలిసే అడ్జువెంట్‌ను మాత్రం జీఎస్‌కేయే సరఫరా చేస్తుంది. ఆ అడ్జువెంట్‌లో ఒక దినుసు చిలీ దేశపు క్విల్లాయా చెట్టు బెరడునుంచి తీసిన సాపోనిన్. ఇంత టీకా పరిశ్రమ ఉన్న హైదరాబాద్, తిప్పతీగ పాలీశాకరైడ్‌ను కూడా అలా శుద్ధిచేసి, మోతాదు కట్టి, మనుషులపై పరీక్షించి చూడాలి.