రైతు ఉత్పత్తిదారుల సంస్థల ఆన్‌లైన్ అమ్మకాలు: పంపిణీ గోదాము ఎంపికలో లాట్ లెక్క ప్రాధాన్యం

రైతు ఉత్పత్తిదారుల సంస్థలలో కొన్ని పంటను బస్తాలలో టోకుగా అమ్మే దశను దాటి, కిలో, అరకిలో ప్యాకెట్లుగా కట్టి నేరుగా వినియోగదారునికి చేర్చే ప్రయత్నం చేస్తున్నాయి. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పదివేల సంస్థల పథకం వీటి సంఖ్యను పెంచింది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించడం, 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించడం ఇటువంటి ఉత్పత్తులను పట్టణ కొనుగోలుదారుల దృష్టికి తెచ్చాయి. శుభ్రపరచడం, గ్రేడింగ్, మరపట్టడం, ప్యాకింగ్ వంటి అంశాలలో విస్తరణ విభాగాలు ఈ సంస్థలకు శిక్షణ ఇస్తూ వస్తున్నాయి. ప్యాకెట్ తయారైన తరువాత అది వినియోగదారుని గడప చేరేవరకు గల ప్రయాణానికి మాత్రం శిక్షణలో దక్కవలసినంత చోటు దక్కలేదు. సంస్థ పేరు నిలిచేదీ, చెడేదీ చాలావరకు ఆ ప్రయాణంలోనే.

రోజుకు యాభై, అరవై ఆర్డర్లు రావడం మొదలయ్యేసరికి సంస్థ కార్యాలయంలోని ఇద్దరు, ముగ్గురు ఉద్యోగులు పెట్టెలు కట్టి, చిరునామాలు అంటించి, కొరియరుకు అప్పగించలేని స్థితి ఏర్పడుతుంది. అప్పుడు హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు వంటి నగరాల శివార్లలోని పంపిణీ గోదామును ఆశ్రయిస్తారు. ఆన్‌లైన్ వ్యాపారంలో దీనిని ఫుల్‌ఫిల్‌మెంట్ కేంద్రం అని వ్యవహరిస్తారు. సరుకు దించుకొని అరలలో సర్దడం, ఆర్డరు రాగానే అర నుండి తీసి పెట్టెలో కట్టి పంపడం, తిరిగి వచ్చిన సరుకును లెక్కలో చేర్చడం దీని పనులు. ఏ అరలో ఏ సరుకు ఎంత ఉన్నదీ, ఏది ముందు బయటకు వెళ్ళవలసినదీ నిర్ణయించేది గోదాము నిర్వహణ సాఫ్ట్‌వేర్. ఇటువంటి సాఫ్ట్‌వేర్ తమ వద్ద ఉన్నదని దాదాపు ప్రతి సేవాసంస్థా చెబుతుంది. ఆహార పదార్థాన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఏ విధంగా గుర్తిస్తున్నదనేది అడిగి తెలుసుకోవలసిన విషయం.

దీనికి ముందు విస్తరణ సిబ్బంది ఒక తేడాను రైతు సంస్థలకు స్పష్టం చేయవలసి ఉంటుంది. 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద నమోదైన గిడ్డంగిలో బస్తాలు నిల్వచేస్తే రసీదు లభిస్తుంది. దానిని తాకట్టుగా చూపి బ్యాంకు నుండి రుణం పొందవచ్చు. 2017 సెప్టెంబరు నుండి ఈ రసీదులు ఎలక్ట్రానిక్ రూపంలో అందుబాటులోకి వచ్చాయి. పంపిణీ గోదాము ఆ కోవలోనిది కాదు. మంచి ధర వచ్చేవరకు పంటను నిలిపి ఉంచడానికి గిడ్డంగి, సరుకును వీలైనంత త్వరగా బయటకు పంపడానికి పంపిణీ గోదాము. రెండింటినీ ఒకే గాటన కట్టి ఆరు నెలల కంది నిల్వను పంపిణీ గోదాములో పెట్టిన సంస్థకు రుణమూ దొరకదు, అద్దె బిల్లు మాత్రం పెరుగుతుంది.

ఇక అసలు విషయం. బట్టలు, చెప్పులు, సెల్‌ఫోన్ సామగ్రి అమ్మే వ్యాపారానికి అలవాటుపడిన గోదాములో ఒక రకం వస్తువులన్నీ ఒకటే. అరలో ఉన్న వందింటిలో ఏది తీసి పంపినా కొనుగోలుదారునికి తేడా తెలియదు. కందిపప్పు ప్యాకెట్ అటువంటిది కాదు. జనవరిలో మరపట్టిన లాట్‌కూ, మార్చిలో మరపట్టిన లాట్‌కూ తేమ వేరు, గడువు వేరు, పురుగు సోకే అవకాశం వేరు, కొన్ని సందర్భాలలో పండించిన గ్రామమే వేరు. కనుక వ్యవసాయోత్పత్తుల విషయంలో లెక్కకు ప్రమాణం ప్యాకెట్ కాదు, లాట్.

సాఫ్ట్‌వేర్ ప్రదర్శనలో గోదాము ఉద్యోగి స్కానరుతో ప్యాకెట్ వెనుక బార్‌కోడ్‌ను చదవగానే తెరపై ఉత్పత్తి పేరు, అర సంఖ్య కనిపిస్తాయి. చూసేవారికి ఇది తృప్తినిస్తుంది. కాని ప్యాకెట్లపై సాధారణంగా ముద్రించే 13 అంకెల బార్‌కోడ్, అంటే మనదేశంలో నమోదై 890తో మొదలయ్యే సంఖ్య, ఆ ఉత్పత్తి ఏదో, ఏ పరిమాణంలోదో గుర్తించడానికి మాత్రమే ఉపకరిస్తుంది. లాట్ సంఖ్య గానీ, గడువు తేదీ గానీ అందులో ఉండవు. జనవరి ప్యాకెట్‌పైనా, మార్చి ప్యాకెట్‌పైనా ఉండేది ఒకే సంఖ్య. లాట్ వివరాలు సాఫ్ట్‌వేర్‌లోకి చేరాలంటే సరుకు దించేటప్పుడు ఎవరైనా వాటిని నమోదు చేయాలి, లేదా లాట్, గడువు తేదీ ఇమిడి ఉండే వేరొక కోడ్‌ను పెట్టెపై అంటించాలి. ఇక్కడితో కూడా పని పూర్తికాదు. దించేటప్పుడు లాట్‌ను నమోదు చేసి, పంపేటప్పుడు మాత్రం ఉత్పత్తి కోడ్‌ను మాత్రమే స్కాన్ చేసే పద్ధతి ఉన్నచోట గొలుసు మధ్యలోనే తెగిపోతుంది. ఫలానా లాట్ గోదాముకు వచ్చినట్లు తెలుస్తుంది గానీ, ఏ ఇంటికి వెళ్ళినదో తెలియదు. ప్రదర్శన చూసేవారు సరుకు రాకను గురించి అడిగినంతగా పోకను గురించి అడగరు.

ఈ గొలుసు తెగితే కలిగే నష్టాన్ని ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. ఒక సంస్థ ఒక్కొక్కటి 500 ప్యాకెట్లు గల నాలుగు లాట్ల రాగిపిండిని గోదాముకు పంపినదనుకుందాం. ఒక లాట్‌లో పురుగు ఉన్నట్లు ఫిర్యాదులు వచ్చాయి. లాట్‌వారీ లెక్క ఉంటే ఆ 500 ప్యాకెట్లు కొన్నవారికి మాత్రమే కబురు పంపి, డబ్బు తిరిగి ఇస్తే సరిపోతుంది. లెక్క లేకపోతే 2000 ప్యాకెట్లనూ అనుమానించక తప్పదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో సురక్షితం కాని ఆహారాన్ని మార్కెట్టు నుండి వెనక్కి రప్పించవలసిన బాధ్యత గురించి ప్రత్యేక నిబంధన ఉన్నది. ప్యాకెట్‌పై ఉన్నది రైతు సంస్థ పేరే. గోదాము పేరు కొనుగోలుదారునికి తెలియనే తెలియదు. మిగిలిన మూడు లాట్ల విలువ సభ్యులు వాటాధనంగా పోగుచేసిన పెట్టుబడి నుండే పోతుంది.

లాట్ నమోదైనా, ఏది ముందు పంపాలనే నియమం సరిగా లేకపోతే ప్రయోజనం సగమే. చాలా గోదాములలో ముందు వచ్చినది ముందు పంపే పద్ధతి ఉంటుంది. ఫిబ్రవరి 1న పిండి పట్టిన లాట్ ఏదో కారణంగా గ్రామంలోనే ఉండిపోయి మార్చి 20న గోదాముకు చేరినదనీ, మార్చి 1న పట్టిన లాట్ మార్చి 5నే చేరినదనీ అనుకుంటే, ఈ పద్ధతిలో మార్చి పిండి ముందు వెళుతుంది, ఫిబ్రవరి పిండి అరలోనే గడువు తీరిపోతుంది. ఆహారానికి తగినది ముందు గడువు తీరేది ముందు పంపే పద్ధతి. 2024 నవంబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ సంస్థలకు, సరుకు వినియోగదారునికి చేరేనాటికి దాని గడువులో కనీసం 30 శాతం గానీ, 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని సూచించింది. మూడు నెలల గడువు గల పిండికి 45 రోజుల నియమాన్ని వర్తింపజేస్తే అమ్మకానికి దొరికేవి మరో 45 రోజులే. అందులో పదిహేను రోజులు గ్రామంలోని షెడ్డులోనూ, నాలుగైదు రోజులు రవాణాలోనూ గడిస్తే గోదాములో అమ్ముడుపోవడానికి మిగిలేది సుమారు 25 రోజులు. మరపట్టిన కొద్దికాలానికే చేదెక్కే సజ్జపిండి వంటి వాటికి ఇంత వ్యవధి కూడా ఉండదు. వాటిని బయటి గోదాముకు అప్పగించకపోవడమే ఉత్తమం.

గోదామును స్వయంగా చూడకుండా ఒప్పందం చేసుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. చూసేటప్పుడు అరల వరుసలకన్న పక్కన ఎవరి సరుకు ఉన్నదనే దానిని గమనించాలి. పసుపు, మిరపలలో సిగరెట్ బీటిల్, పిండిలో ఎర్ర పిండి పురుగు ఒక యజమాని సరుకు నుండి మరొక యజమాని సరుకుకు సులభంగా పాకుతాయి. అగరుబత్తీలు, డిటర్జెంట్ పొడుల పక్కన ఉంచిన పిండి, బియ్యం వాసన పట్టడం గృహిణులందరికీ తెలిసిన విషయమే అయినా, అరలు కేటాయించే సాఫ్ట్‌వేర్‌కు ఎవరైనా చెబితే తప్ప తెలియదు. పురుగు నివారణకు అల్యూమినియం ఫాస్ఫైడ్‌తో పొగబెట్టినప్పుడు గాలి చొరబడకుండా సాధారణంగా 5 నుండి 7 రోజులు మూసి ఉంచి, ఆ తరువాత గాలి ఆడనివ్వాలి. ఈ పని అనుమతి పొందిన నిపుణుల చేతనే జరగాలి. అన్ని రోజులూ ఆ సరుకు అమ్మకానికి లేనట్లు సాఫ్ట్‌వేర్‌లో నిలుపుదల గుర్తు పడాలి. లేకపోతే ఆర్డర్లు వస్తూనే ఉంటాయి, వాటిని పంపలేదన్న చెడ్డపేరు సంస్థకు వస్తుంది. తిరిగివచ్చిన ప్యాకెట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. తిరిగివచ్చిన చొక్కాను మళ్ళీ అరలో పెట్టవచ్చు. ఎండలో, వానలో పది రోజులు తిరిగి వచ్చిన పప్పు ప్యాకెట్‌ను పరీక్షించకుండా అమ్మకపు నిల్వలో కలపరాదు.

కొన్ని సంస్థలు సరుకును బస్తాలలో పంపి ప్యాకింగ్ కూడా గోదాముకే అప్పగిస్తాయి. అటువంటప్పుడు తరుగు వివాదానికి దారితీస్తుంది. 12 శాతం తేమతో దించిన 1000 కిలోల కందిపప్పు తేమ 10 శాతానికి తగ్గితే మిగిలే బరువు 1000ను 88తో గుణించి 90తో భాగిస్తే వచ్చేది, అంటే 977.8 కిలోలు. ఇరవైరెండు కిలోలకు పైగా తరుగు ఎవరూ దొంగిలించకుండానే ఏర్పడింది. దించిన రోజున తూకంతోపాటు తేమ శాతాన్ని కూడా నమోదు చేసే గడి సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఈ లెక్క ఇరుపక్షాలకూ తేటగా కనిపిస్తుంది. లేకపోతే హమాలీలపై నింద పడుతుంది.

ఒప్పందానికి ముందు స్వల్ప ఖర్చుతో ఒక పరీక్ష జరపవచ్చు. ఒకే ఉత్పత్తిలో గడువు తేదీలు వేరైన రెండు చిన్న లాట్లను గోదాముకు పంపాలి. గడువు ఎక్కువ ఉన్నదానిని ముందు, తక్కువ ఉన్నదానిని తరువాత పంపడం అవసరం. అనంతరం తెలిసినవారి చేత వేర్వేరు ఊళ్ళ నుండి పది, పన్నెండు ఆర్డర్లు పెట్టించాలి. చేరిన ప్యాకెట్లపై లాట్ సంఖ్యలు చూస్తే గోదాము ఏ నియమాన్ని పాటిస్తున్నదీ వెంటనే తెలుస్తుంది. ఆ తరువాత, ముందుగా చెప్పకుండా, ఒక లాట్ ఎవరెవరికి వెళ్ళినదో జాబితా కోరాలి. గంట, రెండు గంటలలో సరైన జాబితా వస్తే సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్నట్లే. రెండు రోజుల తరువాత చేతితో తయారుచేసిన పట్టిక వస్తే అక్కడ ఉన్నది సాఫ్ట్‌వేర్ పేరు మాత్రమేనని గ్రహించాలి. ఈ పరీక్షకు అంగీకరించని గోదామును అద్దె ఎంత తక్కువైనా పరిశీలన నుండి తొలగించవచ్చు.

ధరల విషయంలో సంస్థలు సాధారణంగా అద్దెను మాత్రమే పోలుస్తాయి. దింపుడు, ఆర్డరు కట్టుబడి, పెట్టె, కొరియరు, తిరుగు సరుకు ఛార్జీలు వేరుగా ఉంటాయి. వీటిలో కొరియరు ఛార్జీ తేలికపాటి సరుకులను దెబ్బతీస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి ఘనపరిమాణ బరువు కట్టడం కొరియరు సంస్థలలో విస్తృతంగా ఉన్న పద్ధతి. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో ఒక కిలో జొన్న పేలాలు ఉన్నా ఛార్జీ మూడు కిలోలకు పడుతుంది. పెట్టె కొలతలు తగ్గించడం వలన కలిగే ఆదా, అద్దెలో బేరమాడి సాధించే ఆదాకన్న తరచుగా ఎక్కువే.

ఆహారం నిల్వచేసే గోదాముకు ఆహార భద్రతా లైసెన్సు ఉండాలి. దాని 14 అంకెల సంఖ్యను, గడువును సరిచూడాలి. జీఎస్టీ నమోదులో ఆ గోదామును అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. గోదాము వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడ ప్రత్యేకంగా నమోదు కావలసి వస్తుంది. బెంగళూరు గోదామును ఎంచుకునే ఆంధ్ర, తెలంగాణ సంస్థలు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం సరుకును అప్పగింతపై ఉంచుకున్నవారు తమ సొంత సరుకుపై సామాన్య వివేకం గల మనిషి చూపేంత శ్రద్ధ చూపవలసి ఉంటుంది. అంతకుమించిన బాధ్యత కోరుకుంటే, ముఖ్యంగా పురుగు, ఎలుకలు, తడి వలన కలిగే నష్టానికి పరిహారం ఎంత, బీమా ఎవరిది అనే అంశాలను ఒప్పందంలో రాయించుకోవాలి. లాట్‌వారీ పంపిణీ వివరాలు సంస్థ ఆస్తి అనీ, ఒప్పందం ముగిసినప్పుడు వాటిని కంప్యూటరులో చదవగల పట్టిక రూపంలో అప్పగించాలనీ మరొక వాక్యం అవసరం. గోదాము మారిన తరువాత పాత లాట్‌పై ఫిర్యాదు వచ్చిననాడు దాని విలువ తెలుస్తుంది.

రోజుకు పది, పదిహేను ఆర్డర్లకు మించని సంస్థకు బయటి గోదాము అవసరం లేదు. లాట్ సంఖ్య, గడువు తేదీ, ఆర్డరు సంఖ్య అనే మూడు గడులు గల రిజిస్టరు చాలు. ఆ రిజిస్టరును ఏడాదిపాటు క్రమం తప్పకుండా రాసిన సంస్థకు తరువాత గోదాము వారిని ఏమి అడగాలో ఎవరూ నేర్పనవసరం ఉండదు. బయటి గోదాముకు మారిన సంస్థలు మొదటి మూడు నెలలు నెలకొకసారి ఒక ప్రతినిధిని పంపి, ఏదో ఒక అరలోని ప్యాకెట్లను లాట్‌వారీగా చేతితో లెక్కించి సాఫ్ట్‌వేర్ చూపే అంకెతో సరిచూడాలి. ఏ అరను లెక్కించబోయేదీ ముందుగా తెలియజేయరాదు.