పాత బండికి వెచ్చని ఊపిరి

ఇడ్లీ పాత్ర మూత తీయగానే కళ్లజోడు మసకబారిపోవడం మనకి కొత్త కాదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పనిలో పడతాం. అదే మసక, మంచు కమ్మిన కొండదారిలో, ఎదురుగా లారీ వస్తుండగా, మీరు నడుపుతున్న బండి ముందు అద్దానికి లోపలివైపు పడితే? వైపర్ బయట ఎంత తిరిగినా లాభం లేదు. ఒక చేత్తో స్టీరింగూ, ఇంకో చేత్తో గుడ్డముక్కా!

మా అక్క రెండుసార్లు అలాగే నడిపి, మూడోసారి భయపడి బండిని షెడ్డులో పెట్టేసింది.

అక్క ఉండేది ఇంగ్లండులో. యార్క్‌షైర్‌లో స్కిప్టన్ అనే ఊరికి దగ్గర్లో ఓ పల్లె. బావ అక్కడ డాక్టరు. ఆయన పోయి మూడేళ్లయింది. సిగరెట్టూ పేకాటా ఎరగని మనిషికి ఒకే ఒక్క వ్యసనం, 1976 నాటి ల్యాండ్ రోవర్. ఆదివారం వస్తే అన్నం పిలుపు కూడా వినిపించేది కాదట. హీటరు పనిచెయ్యడం లేదని దాన్నీ, డాష్‌బోర్డునీ విప్పి ముక్కలు ముక్కలుగా సర్దిపెట్టారు. మళ్లీ బిగించే యోగం ఆయనకి లేకపోయింది.

నిరుడు డిసెంబరులో నెల్లాళ్లు ఉండి రావడానికి వెళ్లాను. వెళ్లిన మర్నాడే అక్క షెడ్డు తలుపు తీసి చూపించింది.

"అమ్మెయ్యమంటున్నాడు పిల్లాడు. మంచు పడితే నా చిన్న కారు మన ఇంటి ముందు ఎత్తు ఎక్కదు. ఇది ఎక్కుతుంది. కానీ అద్దం కనబడదు. అమ్మడమో, బాగుచెయ్యడమో ఈ నెలలో తేలిపోవాలి" అంది.

అల్మారా నిండా ఐస్‌క్రీం డబ్బాలూ, బిస్కెట్ రేకు డబ్బాలూ. ప్రతిదాని మీదా బావ చేతిరాత, తెలుగులో. 'అద్దం కింది చీలిక - కుడి'. 'మీట తీగ - పైది'. 'తలుపు స్ప్రింగు - జాగ్రత్త, ఎగురుతుంది'. పెద్ద డాక్టరుగారి రాత కదా, కొన్ని మాకే అర్థం కాలేదు. ఊళ్లోని ముసలి మెకానిక్కు వచ్చి, ఆ గుండ్రటి అక్షరాలకేసి కాసేపు చూసి, ఈ పని మీ ఇద్దరే చెయ్యాలి, నేను వైర్ల సంగతి చూస్తానని నవ్వేశాడు.

హీటరంటే సోకు కాదు

అసలీ బండి పుట్టిందే పొలం పనికి. రోవర్ కంపెనీ దీన్ని 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో మొదటిసారి జనానికి చూపించింది. యుద్ధం తర్వాత ఉక్కుకి కరువు. అందుకే ఒంటికి అల్యూమినియం మిశ్రమం రేకు తొడిగారు. బురదలో, కొండల్లో తిరగాల్సిన బండికి వెచ్చదనం ఎందుకనుకున్నారో ఏమో, మొదట్లో హీటరు కావాలంటే అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సిందే. 1971లో వచ్చిన మూడో రకానికి రేకు డాష్‌బోర్డు పోయి ప్లాస్టిక్‌ది వచ్చింది. మీటర్లు మధ్యలోంచి డ్రైవరు ఎదుటికి జరిగాయి. ఈ రకం 1985 దాకా తయారైంది. బావగారిది ఇదే.

హీటరు పనిచేసే తీరు చాలా సులువు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంటు వేడెక్కుతుంది కదా. అందులో కొంత, రెండు రబ్బరు గొట్టాల ద్వారా ఒక రేకు పెట్టెలోని బుల్లి రేడియేటర్‌లోకి వెళ్లి వస్తుంటుంది. బయటి గాలిని ఫ్యాను దాని మీదుగా తోస్తుంది. వేడెక్కిన గాలి డాష్‌బోర్డు వెనకాల గాలిదోవలో పాకి, కొంత కాళ్ల దగ్గరికీ, కొంత అద్దం కింది సన్నటి చీలికల్లోకీ వస్తుంది. ఇంజన్ ఎలాగూ పారేసే వేడే ఇది, వేరే ఖర్చు లేదు. ఎటు ఎంత పోవాలో చెప్పేవి లోపలి రేకు తలుపులు. మన ఊపిరిలోని తేమే చల్లటి అద్దానికి తగిలి నీటి పొర అవుతుంది. అద్దం వెచ్చబడితే ఆ పొర నిలవదు. అందుకని హీటరు పని ముందు కళ్లకి, తర్వాతే కాళ్లకి. అద్దం సరిగా కనబడకుండా బండి నడపడం అక్కడ చట్టరీత్యా నేరం కూడాను.

అన్నట్టు, 1893లోనే చికాగోకి చెందిన మార్గరెట్ విల్‌కాక్స్ అనే ఆవిడ 'కారు హీటరు'కి పేటెంటు తీసుకుంది. అప్పట్లో ఆ మాటకి రైలుపెట్టె అని అర్థం లెండి. ఎలిజబెత్ రాణి కూడా రాచకూతురుగా ఉండగా, 1945లో సైన్యపు మహిళా విభాగంలో చేరి బండ్లు విప్పడం, బిగించడం నేర్చుకుంది. ఈ సంగతి చెబితే మా అక్క, "ఆవిడకి డబ్బాల మీద డాక్టరు రాత చదివే బాధ లేదుగా" అంది.

ఎలక గూడూ, నిమ్మ ఉప్పూ

మొదట బ్యాటరీ తీగ ఊడదీశాం. ఇంజన్ బాగా చల్లారాకే కూలెంటు వదలాలి, లేకపోతే ఒళ్లు కాలిపోతుంది. గడ్డకట్టకుండా అందులో కలిపే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లులూ, కుక్కలూ నాకితే చచ్చిపోతాయి. అందుకే చుక్క కింద పడకుండా డబ్బాలోకి పట్టి మూత బిగించాం.

రేకు పెట్టె బావగారు విప్పి ఉంచారు గానీ లోపల శుభ్రం చెయ్యలేదు. ముందు చక్రం పైనున్న పక్కరేకు జాలీలోంచి గాలి లోపలికొస్తుంది. గాలితోపాటు ఏళ్ల తరబడి ఆకులూ వచ్చాయి. ఆ ఆకుల మీద ఎలక సంసారం! గూడులో మెత్తగా ఉండేందుకు తలుపుల చుట్టూ ఉన్న స్పాంజి అంతా కొరికి పోగేసింది. మూతికి మాస్కూ, చేతులకి తొడుగులూ వేసుకుని, దుమ్ము లేవకుండా తడి గుడ్డతో తీశాం. పాత బండ్లలో కొన్ని ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అదేమిటో తెలియనిదాన్ని పొడిగా గీకకూడదని మెకానిక్కు ముందే హెచ్చరించాడు.

బుల్లి రేడియేటర్ రెక్కలు రాగివీ ఇత్తడివీ, లోపలంతా తుప్పు మడ్డి. తోట గొట్టంతో నీళ్లు, మామూలుగా వచ్చేవైపు నుంచి కాక ఎదురు నుంచి పెడితే కాఫీ డికాషన్‌లా బయటికొచ్చింది. ఇత్తడి అనగానే నాకు చింతపండు గుర్తొచ్చింది. గుజ్జు లోపల అడ్డుపడుతుందని అక్క వద్దంది. గోరువెచ్చటి నీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి కొంతసేపు నింపి ఉంచి, తేటనీళ్లు వచ్చేదాకా కడిగాం. తర్వాత ఒక మూతి బిగించి, రెండో మూతికి సైకిల్ పంపు పెట్టి, స్నానాల తొట్టిలో ముంచాం. మన ఊళ్లో పంక్చరు షాపు అబ్బాయి బుడగలు చూస్తాడే, అలాగ. మేమిద్దరం మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాం. ఒక్క బుడగా రాలేదు. కారితే ఏమవుతుందంటారా? బండిలో తియ్యటి వాసనా, అద్దం మీద జిడ్డు పొరా వస్తాయి. అప్పుడిక ఆ రేడియేటర్ మార్చాల్సిందే.

తలుపులకి కొత్త ప్యాకింగు కావాలి. అక్క న్యూస్‌పేపరు పరిచి, జాకెట్ కటింగులాగే కొలతలు తీసి, నీళ్లు పీల్చని రకం ఫోమ్ షీటు కత్తిరించింది. మొదటిది అర అంగుళం పొట్టిదైంది. బజార్లో రెడీమేడుగా దొరుకుతుందిట, కానీ అప్పటికి ఆవిడకి పంతం వచ్చేసింది. పెట్టె అడుగు తుప్పు గరుకు కాగితంతో గీకి, ప్రైమరూ నల్ల రంగూ వేశాం.

డాష్‌బోర్డు పైతొడుగే మమ్మల్ని ఏడిపించింది. దాదాపు యాభై ఏళ్ల ప్లాస్టిక్, పైగా ఆ చలి. గట్టిగా లాగితే అప్పడంలా విరుగుతుంది. ఓ మూల విరిచింది నేనే. "నువ్వు టీ పెట్టు" అని నన్ను పంపేసింది అక్క. తిరిగొచ్చేసరికి విరిగిన ముక్క చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. కోపమనుకున్నాను. ముక్క వెనక పెన్సిలుతో బావగారు పెట్టిన బాణం గుర్తూ, దాని పక్కన ఓ తేదీ ఉన్నాయి. ఆస్పత్రిలో చేరడానికి నాలుగు రోజుల ముందుది. ఇద్దరం టీ చల్లారిపోయేదాకా ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో ప్లాస్టిక్‌ని కొంచెం వెచ్చబెట్టి, వెనకవైపు సన్నటి గుడ్డపట్టీ వేసి ఎపాక్సీ జిగురుతో అతికాం. బాణం మీద మాత్రం జిగురు పడకుండా చూసుకుంది.

ఫ్యాను మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగిపోతే మెకానిక్కు మార్చి వెళ్లాడు.

అన్నీ బిగించాక బండి స్టార్టు చేశాం. పావుగంటైనా చల్లగాలే! అక్క మొహం చిన్నబోయింది. ఈసారి బుర్ర వెలిగింది నాకే. రెండు గొట్టాలూ ముట్టుకు చూస్తే, ఒకటి వేడి, ఒకటి చల్లన. అంటే లోపల కూలెంటు తిరగడం లేదు, గాలి చిక్కుకుంది. ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, మర్నాడు పై గొట్టం వదులు చేసి గాలి పోనిచ్చి, మళ్లీ నింపాం. అప్పటికీ గాలి అద్దం దాకా సన్నగానే వస్తోంది. ఇంజన్ ఆపి, పెట్రోలు వాసన ఎక్కడా లేదని చూసుకుని, ఉత్త ఫ్యాను మాత్రం వేసి, లోపల కూర్చుని అగరుబత్తి వెలిగించాం. డాష్‌బోర్డు అతుకుల దగ్గర పట్టుకుంటే, ఎడమవైపు ఒకచోట పొగ చటుక్కున పక్కకి వంగింది. కారుతున్నది అక్కడే. ఇంకో ఫోమ్ ముక్క.

అద్దం బయట కింద, గాలికోసం తెరిచే రెండు పొడుగాటి రేకు మూతలుంటాయి. వాటి రబ్బరు కూడా మార్చాం. ఎంత వేడి పెట్టినా అక్కడినుంచి చలిగాలి దూరితే ఫలితం ఏముంది!

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు ఆదివారం, తెల్లారేసరికి బయటంతా తెల్లగా ఉంది. అద్దం మీద గీకిన మంచు పోను లోపల మసక అలాగే ఉంది. అక్క ఇంజన్ వేడెక్కనిచ్చి మీట పైకి లాగింది. మొదట పాత దుమ్ము వాసన, కాస్త అగరుబత్తి వాసన. కాసేపటికి అద్దం కింద రెండుచోట్ల, చిక్కుడు గింజంత తేట కనిపించింది. అది అరచేయంత అయింది. చూస్తుండగానే రెండూ కలిసిపోయి, వాటి వెనక ఎత్తు దారి, రాతిగోడ, గోడమీద మంచూ కనబడ్డాయి. అక్క గేరు వేసింది. బండి ఎత్తెక్కింది.

కొడుక్కి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది, అమ్మడం లేదని. వాడేమన్నాడో నాకు వినబడలేదు. "అయితే వచ్చే శనివారం వచ్చి నువ్వే నడిపి చూడు" అనడం మాత్రం వినబడింది.

ఖాళీ డబ్బాలన్నీ కడిగి బోర్లించాం. ఒకదాంట్లో మాత్రం మూడు స్క్రూలు మిగిలాయి. ఎక్కడివో ఎంత వెతికినా తేలలేదు. ఆ డబ్బా మీద బావగారు రాసింది కూడా ఒకటే మాట, 'ఇవి చివర్లో'.