రథం ఆగే ఋతువులో ఉడుపి యాత్ర

తీర్థయాత్రకు బయలుదేరే ముందు మన పెద్దలు పంచాంగం చూసేవారు. తిథి, వారం, నక్షత్రాలతో పాటు ఋతువును కూడా గమనించి, వాగులు పొంగే కాలంలో దూర ప్రయాణాలు పెట్టుకునేవారు కారు. ఇప్పుడు రైళ్ళు, బస్సులు వచ్చాయి. పిల్లల సెలవులు, ఉద్యోగుల సెలవులు కలిసిన రోజు చూసుకొని టికెట్లు కొనడం పరిపాటి అయింది. అయినా కొన్ని క్షేత్రాలకు ఆ పాత పద్ధతిలో, ఋతువును ముందు పెట్టుకొనే ప్రయాణం నిశ్చయించుకోవాలి. అరేబియా సముద్ర తీరాన, కర్ణాటకలో వెలసిన ఉడుపి అటువంటి క్షేత్రం.

చిన్నికృష్ణుని జన్మోత్సవాన్ని ఉడుపిలో దర్శించాలని మొక్కుకునే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఉత్సవం వచ్చేది అక్కడ వానలు పడే కాలంలోనే. వృద్ధులైన తల్లిదండ్రులను ఆ వానలో తీసుకువెళ్ళవచ్చునా? వెళ్ళలేక వాయిదా వేసుకుంటే మొక్కు తప్పిన దోషం అంటుతుందా? ఈ సందేహం చాలా ఇళ్ళలో తలెత్తుతుంది. దానికి సమాధానం ఆ క్షేత్ర సంప్రదాయంలోనే లభిస్తుంది.

ఎంత వాన? ఎందుకు?

ఉడుపికి పడమట సముద్రం, తూర్పున సహ్యాద్రి పర్వత శ్రేణి. నైరుతి ఋతుపవనాలు సముద్రం మీది తేమను మోసుకొని వచ్చి ఆ కొండలను ఢీకొంటాయి. పైకి లేచిన గాలి చల్లబడి, ఆ తేమంతా వర్షమై తీర ప్రాంతం మీద కురుస్తుంది. ఉడుపిలో ఏడాదికి సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసేదే. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద పడే వాన 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఉడుపిలో ఒక్క జూలై నెలలోనే 1,000 మిల్లీమీటర్లు దాటుతుంది. మన ప్రాంతంలో మాదిరిగా గంటసేపు కురిసి వెలిసే వాన అనుకొని గొడుగు ఒక్కటి పట్టుకొని వెళ్ళిన యాత్రికుడు మొదటి రోజే ఇబ్బంది పడతాడు. పగలూ రాత్రీ విడవకుండా కురిసే రోజులు అక్కడ సాధారణం.

తుపానులో వచ్చిన స్వామి

ఉడుపి శ్రీకృష్ణుడు వచ్చిందే సముద్రం మీద, తుపాను వేళ అని ఐతిహ్యం. ద్వారక నుంచి వస్తున్న ఓడ ఒకటి మల్పె తీరం దగ్గర పెనుగాలిలో చిక్కుకుంది. తీరాన ధ్యానంలో ఉన్న మధ్వాచార్యులు తన ఉత్తరీయాన్ని విసరి గాలిని శాంతింపజేశారట. ప్రాణాలు దక్కిన నావికుడు ఏదైనా స్వీకరించమని ప్రార్థించగా, ఓడలో బరువు కోసం ఉంచిన గోపీచందనపు గడ్డను మాత్రమే ఆచార్యులు కోరారు. ఆ గడ్డలో నుంచి వెలువడిన మూర్తియే కుడిచేత కవ్వం, ఎడమచేత తాడు ధరించిన బాలకృష్ణుడు. ఆచార్యులు ఆ మూర్తిని సరోవరంలో శుద్ధిచేసి 13వ శతాబ్దంలో ప్రతిష్ఠించారు. ఆ కొలనే నేటి మధ్వ సరోవరం. స్వామితో పాటు లభించిన బలరామ మూర్తి మల్పె సమీపాన వడభాండేశ్వరంలో పూజలందుకొంటున్నది.

ఆ ఆచార్యుల శిష్యపరంపరకు, తెలుగునేలకు బంధం పాతది. మధ్వ శిష్యులైన నరహరి తీర్థుల పేరు మన శ్రీకూర్మ క్షేత్ర శాసనాలలో కనిపిస్తుంది. మంత్రాలయ రాఘవేంద్రస్వామి భక్తులు ఉడుపిని తమ సంప్రదాయానికి పుట్టిల్లుగా భావించి వెళుతుంటారు.

స్వామి రథమెక్కని మాసాలు

ఉడుపిలో రథోత్సవాలకు లోటు లేదు. దేవాలయం చుట్టూ ఉన్న రథబీదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఏదో ఒక రథం కదులుతూనే ఉంటుంది. అయితే వానాకాలంలో ఆ రథాలు ఆగుతాయి. ఉత్సవమూర్తిని గర్భాలయంలోనే ఉంచి పూజిస్తారు. కార్తిక శుద్ధ ద్వాదశి, అనగా ఉత్థాన ద్వాదశి వచ్చిన పిదపనే లక్షదీపోత్సవంతో స్వామి తిరిగి రథమెక్కుతాడు.

యతులకు కూడా ఇది చాతుర్మాస్య కాలం. నిత్యం సంచరించవలసిన సన్న్యాసులు వర్షాకాలంలో ఒకచోట నిలిచి జపం, పాఠం, ప్రవచనం సాగిస్తారు. నేల మీద కొత్తగా పుట్టే జీవరాశి కాలి కింద నలగరాదన్న అహింసా భావం దీనికి మూలం. భోజన నియమాలు కూడా మారుతాయి. మొదటి నెల కూరగాయలు, రెండవ నెల పెరుగు, మూడవ నెల పాలు, నాలుగవ నెల పప్పుధాన్యాలు వర్జిస్తారు. మొదటి నెల శాకవ్రతంలో మిరపకాయ, చింతపండు సైతం నిషిద్ధమే. ఉడుపి వంట పేరు విని సాంబారు రుచిని ఊహించుకొని వెళ్ళేవారు ఆ మాసంలో నైవేద్యాలు వేరుగా ఉంటాయని తెలుసుకోవాలి.

జన్మాష్టమి మరునాడు జరిగే విట్లపిండి ఉత్సవానికి మాత్రం బంగారు రథం కదులుతుంది. అయితే ఉత్సవమూర్తి గర్భాలయంలోనే ఉంటాడు గనుక, ఆ రోజు మట్టితో చేసిన కృష్ణమూర్తిని ఊరేగించి మధ్వ సరోవరంలో నిమజ్జనం చేస్తారు. ఋతువు విధించిన నియమాన్ని అతిక్రమించకుండానే భక్తుల వేడుకను నెరవేర్చిన పద్ధతి అది. వానను లెక్కచేయకుండా ముందుకు సాగడం భక్తికి కొలమానం కాదని ఈ ఆచారం చెప్పకనే చెబుతున్నది.

తేదీ విషయంలో జాగ్రత్త

మన పంచాంగంలోని కృష్ణాష్టమిని చూసి ఉడుపికి టికెట్లు కొనరాదు. ఉడుపిలో జన్మాష్టమిని సౌరమానం ప్రకారం, సింహమాసంలో జరుపుతారు. కొన్ని సంవత్సరాలు రెండు తేదీలూ కలిసివస్తాయి, కొన్నిసార్లు నెల రోజుల తేడా వస్తుంది. 2025లో మన ప్రాంతాలలో ఆగస్టు 16న కృష్ణాష్టమి జరుపుకోగా, ఉడుపిలో ఉత్సవం సెప్టెంబరు 14న జరిగింది. విట్లపిండి ఆ మరునాడు. మఠం ప్రకటించిన తేదీని నిర్ధారించుకొన్న తరువాతనే ప్రయాణం నిశ్చయించాలి.

జన్మాష్టమినాడు అక్కడ ఉపవాసం. అర్ధరాత్రి చంద్రోదయ వేళ అర్ఘ్యప్రదానం జరుగుతుంది. భోజన ప్రసాదం విట్లపిండినాడే. ఏకాదశినాడు కూడా ఉపవాస నియమమే ఉంటుంది. మధుమేహానికి మందులు వాడే పెద్దలు ఈ సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి.

ఏ దారిన వెళ్ళాలి?

వానాకాలపు యాత్రలో దారి ఎంపికే ముఖ్యం. బెంగళూరు మీదుగా వెళ్ళే బస్సులు, రైళ్ళు సహ్యాద్రి ఘాట్లను దాటాలి. సకలేశపుర, సుబ్రహ్మణ్య మధ్య రైలు మార్గం కొండచరియలు విరిగిపడే ప్రదేశం. 2024 జూలై 26న యెడకుమారి సమీపంలో చరియలు జారి, దాదాపు రెండు వారాలు ఆ మార్గాన ప్రయాణికుల రైళ్ళు నడవలేదు. శిరాడి ఘాట్ రహదారి కూడా వానల్లో మూతపడిన సందర్భాలు ఉన్నాయి.

కాచిగూడ నుంచి కడప, పాలక్కాడ్, కోళికోడ్ మీదుగా మంగళూరు చేరే రైలు దూరం చుట్టి వస్తుంది. ప్రయాణ సమయం ఎక్కువైనా ఆ రైలు సకలేశపుర ఘాట్‌ను తాకదు. పెద్దలతో వెళ్ళేవారికి ఈ చుట్టుదారే మేలు. మంగళూరు నుంచి ఉడుపి 60 కిలోమీటర్ల లోపే, దారి అంతా తీరం వెంబడి సాగుతుంది. ఉడుపి రైల్వే స్టేషను కొంకణ్ రైల్వే పరిధిలోనిది. ఆ మార్గంలో వానాకాలానికి ప్రత్యేక సమయపట్టిక ఉంటుంది, రైళ్ళ వేగం తగ్గిస్తారు. టికెట్టు మీది సమయాన్ని ప్రయాణానికి ముందు మరొకసారి సరిచూసుకోవాలి.

ఎన్ని క్షేత్రాలు? ఎన్ని రోజులు?

మూడు రోజుల్లో ఉడుపి, కొల్లూరు, శృంగేరి, ధర్మస్థల, కుక్కె సుబ్రహ్మణ్యం చూసి రావాలని పట్టిక వేసుకోవడం మనవారికి అలవాటు. శీతకాలంలో అది సాధ్యమే. వానాకాలంలో ఆ పట్టికే ప్రమాదాలకు కారణమవుతుంది. ఆగుంబె ఘాట్ మీదుగా శృంగేరికి పోవాలంటే రాష్ట్రంలోనే అత్యధిక వర్షపాతం గల ప్రాంతాలలో ఒకదానిని దాటాలి. కుక్కెలో కుమారధార పొంగితే స్నానఘట్టం మునుగుతుంది. రేపటి రైలు అందుకోవాలన్న తొందరలో ఈ రాత్రే ఘాట్ దిగమని డ్రైవరును తొందరపెట్టే పరిస్థితి రాకూడదు.

అందుచేత వానల్లో వెళ్ళేవారు ఒకే క్షేత్రానికి నాలుగు రోజులు కేటాయించడం మంచిది. మొదటి రోజు విశ్రాంతి. సాయంకాలం రథబీదిలోనే ఉన్న చంద్రమౌళీశ్వరుని, అనంతేశ్వరుని దర్శించి, ఆ తరువాత శ్రీకృష్ణ దర్శనానికి వెళ్ళడం అక్కడి క్రమం. దక్షుని శాపం పొందిన చంద్రుడు శివుని గూర్చి తపస్సు చేసిన చోటు గనుక, నక్షత్రాధిపతియైన ఉడుపుని పేర ఈ ఊరు వెలసిందని చెబుతారు.

రెండవ రోజు ఉదయం తొమ్మిది రంధ్రాల నవగ్రహ కిటికీ గుండా స్వామి దర్శనం, మధ్యాహ్నం అన్నప్రసాదం. పురుషులు చొక్కా తీసి లోపలికి వెళ్ళాలి. మిగిలిన పగలంతా ఎనిమిది మఠాలలో జరిగే ప్రవచనాలకు కేటాయించవచ్చు. చాతుర్మాస్యంలో వెళ్ళినవారికి దక్కే అసలైన లాభం ఇదే. పాలిమారు, అదమారు, కృష్ణాపుర, పుత్తిగె, శిరూరు, సోదె, కాణియూరు, పేజావర మఠాలు రెండేళ్ళకొకసారి వంతులవారీగా కృష్ణపూజ బాధ్యత స్వీకరిస్తాయి. 2024లో పుత్తిగె మఠం వంతు రాగా, 2026 శిరూరు మఠం వంతు.

మూడవ రోజు వాన తెరిపి ఇస్తే మధ్వాచార్యుల జన్మస్థలమైన పాజక క్షేత్రం, సమీపంలోని కుంజారుగిరి దుర్గాలయం. వడభాండేశ్వరంలో బలరామ దర్శనం కూడా ఆ రోజే పూర్తిచేయవచ్చు. పక్కనే మల్పె సముద్రం ఉన్నా నీటిలో దిగరాదు. వానాకాలంలో అక్కడి ద్వీపానికి పడవలు నిలిపివేస్తారు. తరతరాలుగా సముద్రాన్నే నమ్ముకొన్న ఊరిది. అక్కడి మరపడవలు కూడా జూన్, జూలై నెలల్లో వేటకు వెళ్ళవు.

నాలుగవ రోజును దేనికీ కేటాయించక ఖాళీగా ఉంచాలి. వాన ఒక రోజును మింగినా యాత్ర చెడదు. మింగకపోతే మరొకసారి స్వామిని తీరికగా దర్శించవచ్చు.

ఎవరు ఆగాలి?

ఉబ్బసం, కీళ్ళనొప్పులు గలవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, పసిపిల్లల తల్లులు వానాకాలంలో వెళ్ళకపోవడమే మంచిది. వారికి ఉత్థాన ద్వాదశి తరువాతి రోజులు అనుకూలం. వాన వెలిసి, దీపాల వెలుగులో స్వామి రథమెక్కే కాలం అది. జన్మాష్టమినాడు వారు ఇంటి వద్దనే ఉపవాసముండి, అర్ధరాత్రి అర్ఘ్యమిచ్చి, ముడుపు కట్టి ఉంచుకోవచ్చు. యతులు సంచారం ఆపే కాలంలో, ఉత్సవమూర్తి గర్భాలయం వీడని కాలంలో ఒక వృద్ధురాలు ఇంటిపట్టున ఆగినంత మాత్రాన మొక్కు తప్పినట్లు కాదు.

ప్రయాణంలో ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ప్రకటిస్తే, అంటే ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు మించి వాన పడవచ్చునని హెచ్చరిస్తే, ఎక్కడ ఉన్నవారు అక్కడే ఆగాలి.

వెంట ఉంచుకోవలసినవి

* దర్శనానికి రెండు జతల పంచెలు, చీరలు. తడిసినవి ఒక్క రోజులో ఆరవు. ప్లాస్టిక్ సంచుల్లో వేరువేరుగా కట్టుకోవాలి.
* జారని రబ్బరు చెప్పులు, పెద్దలకు రబ్బరు అడుగున్న చేతికర్ర. సరోవరపు మెట్ల మీద, గుడి ప్రాంగణాల్లో పాచి పడుతుంది.
* వారం రోజులకు సరిపడా మందులు, వైద్యుని చీటీ. పెద్ద ఆసుపత్రులు 5 కిలోమీటర్ల దూరంలోని మణిపాల్‌లో ఉన్నాయి.
* టార్చిలైటు, కొంత నగదు. గాలివానకు కరెంటు పోవచ్చు.
* జన్మాష్టమి రోజులకు బస ముందుగానే నిర్ధారించుకోవాలి.

ఆలయం పడమటి గోడలో కనకన కిండి ఉంది. లోపలికి ప్రవేశం దొరకని కనకదాసు వెలుపలే నిలిచి ప్రార్థించగా, స్వామి పడమరకు తిరిగి ఆ సందులో నుంచి దర్శనమిచ్చాడని భక్తుల విశ్వాసం. వెలుపల నిరీక్షించిన భక్తుని వైపు తానే తిరిగిన స్వామి ఆయన. వాన వెలిసేదాకా ఓపికతో వేచి ఉండి, క్షేమంగా వెళ్ళి దర్శించుకొని, క్షేమంగా తిరిగి వచ్చే యాత్రను ఆ బాలకృష్ణుడు తప్పక స్వీకరిస్తాడు.