మూలుగలో ఏం జరుగుతుంది? హెచ్.ఐ.వి., నెత్తురు, నాచారం కార్మికులు

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేసే ఆడవాళ్లను కదిలిస్తే తరచుగా వినబడే మాట ఒకటుంది: "ఒంట్ల నెత్తురు లేదన్నరు." ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, ఎందుకు లేదని అడిగేవాళ్లే కరువయ్యారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా జనానికి ఉన్న జబ్బు జబ్బుగా కనబడదు, కూలోళ్ల ఒంటితీరే అంత అనిపిస్తుంది. మాల మాదిగ వాడల నుంచి వచ్చిన మనిషైతే మరీను. నాలుగు ఐరన్ బిళ్లలు రాసి పంపిస్తారు. వైద్యానికి కులం లేదంటారుగానీ, ఎవరి నీరసాన్ని ఎంత లోతుగా పరీక్షించాలన్న దగ్గర ఉండనే ఉంది. హెచ్.ఐ.వి. ఈ మామూలుతనం చాటునే చాలాకాలం దాగి ఉండగలదు.

నెత్తురు తయారయ్యేది గుండెలో కాదు, బొక్కల లోపలి మూలుగలో. పుస్తకాలు ఎముక మజ్జ అంటాయి. మూలుగ మన ఇండ్లల్లో కొత్త మాటేం కాదు, పెద్దకూర వండిన రోజు బొక్క తట్టి జుర్రుకునేది అదే. కాకపోతే కూరలో దొరికేది ఎక్కువభాగం కొవ్వు. ఎదిగిన మనిషిలో నెత్తురు పుట్టించే ఎర్ర మూలుగ వెన్నుపూసల్లో, రొమ్ము బొక్కలో, తుంటి బొక్కల్లో ఉంటుంది. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అక్కడే పుడతాయి.

హెచ్.ఐ.వి. సీడీ4 కణాలను చంపుతుందని అందరం విన్నాం. మూలుగ సంగతి అంతగా చెప్పరు. నెత్తురు కణాలకు తల్లిలాంటి మూలకణాలను ఈ వైరస్ పెద్దగా పట్టుకోదు. వాటి చుట్టూ ఉండి వాటిని సాకే కణాలను పట్టుకుంటుంది. ఆ కణాలు విడుదల చేసే రసాయనాలు కణాల పుట్టుకను అణిచేస్తాయి. మరోపక్క ఒంట్లో ఉన్న ఇనుము నిల్వల్లోనే బిగుసుకుపోయి మూలుగకు అందదు. అందుకే కొందరు నెలల తరబడి ఐరన్ బిళ్లలు మింగినా నెత్తురు పట్టదు. మైక్రోస్కోపులో చూస్తే మూలుగ ఖాళీగా ఉంటుందనుకుంటాం. చాలాసార్లు నిండుగానే ఉంటుంది, కానీ కణాలు వంకరటింకరగా ఉంటాయి. షెడ్డు నిండా సరుకుంది, గేటు దాటి బయటికి పోయేది తక్కువ.

అన్నిటికంటే భయపడాల్సింది క్షయకు. అది ఊపిరితిత్తులతో ఆగకుండా మూలుగదాకా పోతుంది. వదలని జ్వరం, బరువు తగ్గడం, మూడురకాల కణాలూ పడిపోవడం కలిసి కనబడితే తుంటి బొక్క వెనకనుంచి సూదితో మూలుగ తీసి చూస్తారు. మత్తు సూది ఇచ్చాకే తీస్తారు, అయినా నొప్పి ఉంటుంది. ఆ నొప్పికి భయపడి తప్పించుకుంటే చికిత్స ఉన్న జబ్బు దొరక్కుండా పోతుంది.

ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే మన నగరంలో మొదట డెంగీ అంటారు. డెంగీలో అవి వారం పది రోజుల్లో మళ్లీ లేస్తాయి. జ్వరం పోయి వారాలు గడిచినా లక్షన్నర దాటకపోతే హెచ్.ఐ.వి. పరీక్ష అడగాలి. సీడీ4 ఇంకా బాగానే ఉన్నప్పుడు కూడా ఇదే తొలి గుర్తు కావచ్చు.

మందుల కథ వేరే. జిడోవుడిన్‌ను 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేశాడు, దానికి పనికిరాలేదు. 1987లో హెచ్.ఐ.వి.కి అనుమతి పొందిన మొదటి మందు అదే. మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్స మొదలుపెట్టినప్పుడు వాడిన మందుల్లో అదొకటి. ప్రాణాలు నిలిపింది, నిజమే. కానీ మూలుగను అణిచే గుణం దానికుంది. ముందే నెత్తురు తక్కువున్న మనిషికి మొదటి నెలల్లోనే ఇంకా పడిపోయేది. ఆ మందు మన కూలిజనానికి అంత సులువు కాలేదు. 2012 తర్వాత టెనోఫోవిర్, 2020 తర్వాత దానికి తోడు డోలుటెగ్రవిర్ వచ్చి ఈ బాధ చాలా తగ్గింది. జిడోవుడిన్ ఇంకా కొందరికి ఇస్తున్నారు. వాళ్ల సీబీపీ కాగితంలో ఎంసీవీ అంకె 100 దాటితే కంగారు పడనక్కర్లేదు, మందు సరిగ్గా వేసుకుంటున్నారనడానికి అదో ఆనవాలు. హిమోగ్లోబిన్ దిగుతుంటే మాత్రం వెంటనే చెప్పాలి, సొంతంగా మందు ఆపకూడదు.

అయితే ఎంసీవీ పెరగడానికి ఫోలిక్ ఆమ్లం, బి12 లోపం కూడా కారణమవుతాయి. 1928లో లూసీ విల్స్ బొంబాయి వచ్చి మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో తగ్గుతుందని చూపింది. అందులోని ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మిల్లు ఆడవాళ్ల ఒంటినుంచి మొదలైన విజ్ఞానమది. నాచారం పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, షిఫ్టు దిగొచ్చే ఆడవాళ్ల పళ్లెంలో ఆకుకూర, గుడ్డు మాత్రం రోజూ కనబడవు.

ఇక జబ్బు తెలిశాక కథ తిరగబడుతుంది. అంతకుముందు ఏమీ అడగనివాళ్లు ఇప్పుడు ప్రతి బాధనూ హెచ్.ఐ.వి. ఖాతాలో వేసి, ముట్టుకునే పరీక్ష వాయిదా వేస్తారు. అంటరానితనం తెలిసిన మనకు ఈ దూరం కొత్తగా అనిపించదు. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, జబ్బు ఉందని వైద్యం నిరాకరించకూడదు, ఆ ఒక్క కారణంతో పనిలోంచి తీసేయకూడదు. వైద్యం అందనప్పుడు ఫిర్యాదు వినడానికి రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. ఆ ఫిర్యాదుకు పాత సీబీపీ కాగితాలు తేదీలతో సహా పనికొస్తాయి, పారేయొద్దు.