దిక్కు తోచని పాట



జనుల నోళ్లలో నాడు పాటలలో దారి తప్పినవాని గోడు తఱచుగా వినవచ్చును. చీకటి రాత్రి, చుక్కాని లేని పడవ, తోడు విడిచిన బాటసారి: ఇవి తత్త్వములందును గలవు, నాటకపు పద్యములందును గలవు, నేటి చలనచిత్ర గీతములందును గలవు. ఉదయమున ప్రార్థనామందిరములో కీర్తన పాడి వచ్చిన క్రైస్తవుడు, సాయంకాలము బజారులో నట్టి పాట విని, ఇందులో మా సువార్తయే వినబడుచున్నదని యనుట కలదు. ఇది న్యాయమైన యర్థమా? లేక పాటపై మతమును బలవంతముగా రుద్దుటయా? నేను క్రైస్తవుడను గాను. పిల్లలకు తెలుగు చెప్పుకొని బ్రదికినవాడను. ఈ ప్రశ్నకు మన యలంకారశాస్త్రమును, మన తెలుగు మాటయును గూడ సమాధానము చెప్పగలవని నా యభిప్రాయము.

మమ్మటుడు కావ్యప్రకాశమున సూర్యుడస్తమించెనను చిన్న వాక్యము నుదాహరించెను. ఆ మాట విన్న పనివానికి పని చాలింపవలెనని తోచును. వర్తకునికి సరకు సర్దుకొనవలెనని తోచును. వైదికునికి సంధ్యావందనము స్ఫురించును. గోపాలునికి మందను ఇంటికి తోలవలెనని తోచును. వాచ్యార్థ మొక్కటే. వ్యంగ్యార్థము వినువానిని బట్టియు, సందర్భమును బట్టియు మాఱును. కావున క్రైస్తవుడు తనకు తోచిన ధ్వనిని గ్రహించుట తప్పు గాదు. కవి దాని నుద్దేశించియే వ్రాసెనని వాదించుట మాత్రము తప్పు.

ఇక మాట సంగతి. తెలుగున దిక్కనగా తూర్పు, పడమర మొదలగునవి. దిక్కనగా రక్షకుడు కూడ. దిక్కు తెలియనివాడు వేఱు, దిక్కు లేనివాడు వేఱు. బాట తెలియకపోవుట యొక కష్టము. నన్ను వెదకువా రెవరును లేరనుట అంతకంటె పెద్ద కష్టము. మన పాటలలోని దుఃఖము తఱచుగా మొదటి కష్టముతో మొదలై రెండవదానిని జేరును. శ్రోత కంట నీరు పెట్టునదియు నచ్చటనే.

మా భోగాపురము సముద్రమునకు దాపు. ముక్కాము, చేపల కంచేరు మొదలగు పల్లెలవారికి కడలియే జీవనాధారము. ఉత్తరాంధ్ర మత్స్యకారు లనేకులు కూలికై గుజరాతులోని వేరావలు రేవునకు పోవుదురు. అట్లు పోయిన శ్రీకాకుళ విజయనగర జిల్లాలవారు కొందఱు 2018లో సముద్రపు టెల్ల దాటిరని పాకిస్తానువారిచే పట్టుబడి చెఱలో నుండిరి. వారిలో పలువురు 2020 జనవరిలో విడుదలై స్వదేశము జేరిరి. ఆ వృత్తాంతము నాధారముగా గొని 2025లో తండేల్ అను చలనచిత్రము వెలువడెను. నీటిమీద గీత యుండదు. ఎల్ల దాటినవానికి దాటినట్లే తెలియకపోవచ్చును. చిత్రములోని పాటలు నాయికానాయకుల యెడబాటును బాడును. కాని కొడుకును వేరావలు పంపిన తల్లి వినినచో నది కొడుకు పాటయే యగును.

లూకా సువార్త పదునైదవ అధ్యాయమున మూడు కథలు గలవు. గొఱ్ఱె మేయుచు మేయుచు తెలియక తప్పిపోయినది. నాణెము ఇంటిలోనే పోయినది. పోయినట్లు దానికి స్పృహయే లేదు. కుమారుడు బుద్ధిపూర్వకముగానే దూరదేశము పోయెను. తప్పిపోవుట యను తెలుగు మాటలో తప్పు అను మాట యున్నది గాన, తప్పిపోయినవాడు తప్పు చేసినవాడేయని లోకము తొందరపడును. ఆ కథలలో కాపరి గొఱ్ఱెను దండింపడు, భుజములపై నెత్తుకొనును. ఇల్లాలు నాణెమును నిందింపదు, దీపము వెలిగించి ఇల్లూడ్చును.

విశిష్టాద్వైతులు శరణాగతిని వివరించుచు రెండు న్యాయములు చెప్పుదురు. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట గఱచికొని పోవును. గొఱ్ఱె కథ మార్జాలకిశోరన్యాయము. కుమారుని కథలో రెండును గలిసినవి: కుమారుడు లేచి నడచెను, తండ్రి పరుగెత్తి యెదురు వచ్చెను. మూడు కథలకును సారమొక్కటే. తనది కాని దానిని పోయినదని యెవడును వెదకడు. పోయినదనుటలోనే, దానికి గలవాడొకడున్నాడను నర్థమున్నది. పాటలోని శోకమున క్రైస్తవుడు వినుచున్న ధ్వని యిదియే.

ఈ ధ్వనిని తెలుగు రాగతాళములలో పాడినవారిలో పురుషోత్తమ చౌదరి ముఖ్యుడు. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జనించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో మృతినొందెను. ఆయన కొత్త మతము కొఱకు కొత్త సంగీతమును దెచ్చుకొనలేదు. జనులెఱిగిన కీర్తన మార్గమునే గైకొనెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున పాటలకు రాగతాళముల పేర్లు నేటికిని ముద్రింపబడుచున్నవి. పరిచితమైన రాగమున విన్న మాట పరాయి మాటగా తోచదు.

తుదకొక మాట. పట్టణమున నద్దెగదిలో నర్ధరాత్రి యిట్టి పాటనే మరల మరల వినుచున్న పడుచువాడు మీ యింటివాడే కావచ్చును. వానికి వెంటనే ధర్మోపదేశము చేయబోకుడు. ఏ తప్పు చేసితివని యడుగకుడు. పాట యెంత మంచిదైనను వానిని వెదకి రాజాలదు. వెదకి పోవలసినవారు మనుష్యులే. క్రైస్తవులైనను, కాకున్నను, ఆ పాటను వానితో గూర్చుండి యొకమాఱు వినుడు. దిక్కు చూపుట తరువాతి పని. ముందుగా దిక్కగుట మన పని.