పారాచూట్ తెరుచుకున్నాక అసలు పని మొదలవుతుంది: ఎత్తు, గాలి, దిగే చోటు

ఈ ఎపిసోడ్ గండిపేట చెరువు గట్టు దగ్గర కూర్చుని చేస్తున్నాను. మైక్‌లో గాలి చప్పుడు వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి. ఈరోజు మాట్లాడేది కూడా ఆ గాలి గురించే.

మాది ఇక్కడే, మొయినాబాద్ దగ్గర. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అందరిలాగే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వీసా, ఆన్‌సైట్. అమెరికాలో ఉన్నప్పుడు వీకెండ్స్‌లో స్కైడైవింగ్ నేర్చుకున్నాను. 19వ జంప్‌లో ఎడమ కాలి మడమ దగ్గర ఎముక విరిగింది. ఫోన్‌లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పారాచూట్ తెరుచుకుంది అంటివి, మరి కాలెట్ల ఇరిగింది బిడ్డా?"

ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఈ ఎపిసోడ్ ఆ జవాబే అనుకోండి. వచ్చే నెల నా పాత ఆఫీస్ ఫ్రెండ్ ఒకడు ట్రైనింగ్‌కి వెళ్తున్నాడు. వాడిదీ అదే మాట: "తెరుచుకుంటే అయిపోయినట్టే కదరా?" అయిపోలేదు. అక్కడి నుంచే మొదలు.

ముందు కొన్ని లెక్కలు

మామూలుగా విమానం నుంచి దూకేది 10,000 నుంచి 14,000 అడుగుల ఎత్తులో. కింద పడే వేగం గంటకి దాదాపు 190 కిలోమీటర్లు. అంటే ప్రతి 5 సెకన్లకి సుమారు 1,000 అడుగులు పోతాయి. అందుకే ఆ నిమిషంలో అందరి కళ్ళూ చేతికి ఉన్న ఆల్టిమీటర్ మీదే ఉంటాయి. భయం మనల్ని జాగ్రత్తగా ఉంచుతుంది.

పారాచూట్ తెరుచుకోగానే సీన్ మారిపోతుంది. చప్పుడు ఆగిపోతుంది. స్టూడెంట్లకి ఇచ్చే పెద్ద పారాచూట్ నిమిషానికి సుమారు 1,000 అడుగులు దిగుతుంది. ఇంత మెల్లగా ఉందేంటి అనిపిస్తుంది. "హమ్మయ్య, బతికిపోయా" అని చుట్టూ చూస్తూ కూర్చుంటాం. ప్రమాదం ఆ హమ్మయ్యలోనే ఉంది.

అమెరికా పారాచూట్ అసోసియేషన్ లెక్క ప్రకారం 2023లో అక్కడ సుమారు 36.5 లక్షల జంప్‌లు జరిగాయి, 10 మంది చనిపోయారు. జంప్‌ల సంఖ్యతో పోలిస్తే తక్కువే. కానీ ఈ ఆటలో జరిగే ప్రమాదాల్లో చాలా భాగం పారాచూట్ తెరుచుకోక జరిగేవి కావు. చక్కగా తెరుచుకున్న, ఏ లోపం లేని పారాచూట్ కింద జరిగేవి. దిగేటప్పుడు చేసిన తప్పు వల్ల.

"మరి ఆటోమేటిక్ మెషిన్ ఉంటుంది కదా?" అంటారు. ఉంటుంది. సైప్రెస్ అనే పరికరం 1991లో జర్మనీ నుంచి వచ్చింది. మనిషి సుమారు 750 అడుగుల దగ్గర కూడా గంటకి 125 కిలోమీటర్ల పైన వేగంతో పడుతుంటే, అదే రిజర్వ్ పారాచూట్‌ని తెరిపిస్తుంది. స్టూడెంట్ మోడల్ ఇంకా తక్కువ వేగానికే పనిచేస్తుంది. కానీ మీరు మంచి పారాచూట్ కింద మెల్లగా మర్రిచెట్టు మీదకి పోతున్నారనుకోండి, దాని దృష్టిలో అంతా ఓకే. అక్కడ ఆలోచించాల్సింది మీరే.

గండిపేట మీద ఊహించుకుందాం

ఇక్కడ దూకమని చెప్పట్లేదు. పక్కనే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఉంది, పర్మిషన్ లేకుండా ఈ ఆకాశంలోకి ఎవరూ పోకూడదు. మనకి తెలిసిన ఊరు కాబట్టి అర్థం చేసుకోవడం ఈజీ అని ఇది తీసుకుంటున్నా.

మొదట ఆల్టిమీటర్. అది గాలి ఒత్తిడిని కొలిచి ఎత్తు చూపిస్తుంది. ఎక్కడి నుంచి ఎత్తు? మీరు ఎక్కడ సున్నా పెడితే అక్కడి నుంచి. గండిపేట నిండితే నీటి మట్టం 1,790 అడుగులు అని ప్రతి వానాకాలం పేపర్లో చదువుతాం. అది సముద్ర మట్టం నుంచి లెక్క. వైజాగ్ బీచ్‌లో సున్నా పెట్టిన ఆల్టిమీటర్‌తో ఇక్కడ దిగితే, అది ఇంకా 1,790 అడుగులు ఉంది అని చూపిస్తుంటే మీ కాళ్ళు నీళ్ళలో ఉంటాయి. అందుకే దిగబోయే నేల మీద సున్నా పెట్టుకోవాలి. ప్రతి జంప్‌కి ముందు చూసుకోవాలి.

ఇప్పుడు మీరు మొయినాబాద్ పొలాల మీద 3,000 అడుగుల్లో ఉన్నారు. పారాచూట్ బాగుంది. జూన్ నెల, నైరుతి గాలి గంటకి 20 కిలోమీటర్లు. చెరువు మీకు ఈశాన్యం వైపు ఉంది. అంటే గాలి మిమ్మల్ని చెరువు వైపే తోస్తోంది.

మీ పారాచూట్ సొంత వేగం గంటకి 30 కిలోమీటర్లు అనుకుందాం. చివరి 1,000 అడుగులు ల్యాండింగ్ కోసం దాచుకోవాలి. మిగిలింది 2,000 అడుగులు, అంటే 2 నిమిషాలు. గాలికి ఎదురుగా చేవెళ్ల వైపు తిరిగితే నేల మీద మీ వేగం గంటకి 10 కిలోమీటర్లే. 2 నిమిషాల్లో 330 మీటర్లు పోతారు, అంతే. గాలి వాలుకి తిరిగితే గంటకి 50. అదే 2 నిమిషాల్లో కిలోమీటరున్నర పైనే పోతారు, కానీ చెరువు వైపు. అదే పారాచూట్, అదే ఎత్తు. చేరగలిగే దూరంలో తేడా ఐదు రెట్లు.

అందుకే పైనున్నప్పుడే అడగాల్సిన ప్రశ్నలు మూడు: ఎంత ఎత్తులో ఉన్నాను? గాలి ఎటు? ఇక్కడి నుంచి ఏయే ఖాళీ చోట్లు అందుతాయి? చోటు ఒకటి కాదు, రెండు మూడు పెట్టుకోవాలి.

పైనుంచి మన ఏరియా చూస్తే ఖాళీ చాలా ఉన్నట్టే ఉంటుంది. దగ్గరికి వస్తే తెలుస్తుంది. తెల్లగా దుప్పటి పరిచినట్టు కనిపించేవి పాలీహౌస్‌లు. పచ్చగా చదునుగా ఉన్న లాన్ చుట్టూ ఫామ్‌హౌస్ ప్రహరీ గోడ. చేవెళ్ల రోడ్డుకి రెండు పక్కలా వందల మర్రిచెట్లు. అన్నిటికన్నా డేంజర్ కరెంటు తీగలు. పైనుంచి తీగ కనపడదు, స్తంభం కనపడుతుంది. కాబట్టి ప్రతి రోడ్డు పక్కనా, ప్రతి ఇంటి దగ్గరా తీగ ఉందనే అనుకోవాలి. ఇక నీళ్ళు. నిశ్చలంగా ఉన్న చెరువు మీద మనం ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి అందదు.

మరి ఎక్కడికి చేరతామో ఎలా తెలుస్తుంది? ఒక చిన్న కిటుకు ఉంది. ముందున్న నేలని చూస్తూ ఉండండి. కొన్ని చోట్లు మీ కాళ్ళ కిందకి జారుతుంటాయి, అవి దాటేస్తారు. కొన్ని పైకి లేస్తున్నట్టు ఉంటాయి, అవి అందవు. మధ్యలో ఏ చోటైతే కదలకుండా ఉందో, మీరు చేరేది అక్కడికే.

పైన మీరొక్కరే ఉండరు

2025 జనవరి మొదటి వారంలో విశాఖ ఆర్కే బీచ్ వీడియో గుర్తుందా? నేవీ విన్యాసాల రిహార్సల్స్‌లో ఇద్దరి పారాచూట్లు గాల్లో ఒకదానికొకటి చుట్టుకుని, ఇద్దరూ తీరం దగ్గర సముద్రంలో పడ్డారు. నేవీ బోటు వెంటనే వెళ్ళి కాపాడింది. శిక్షణ పొందిన నేవీ వాళ్ళకే అలా జరిగింది. ఆ రెండు పారాచూట్లూ తెరుచుకున్నవే అన్నది గమనించండి.

అందుకే తెరుచుకోగానే ముందు చూడాల్సింది కింద కాదు, చుట్టూ. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. కింద ఉన్నవాళ్ళకే దారి, ఎందుకంటే పైనున్న మీరు వాళ్ళకి కనపడరు.

ఎత్తుకో నిర్ణయం

స్టూడెంట్లకి నేర్పించే అంకెలు ఇవి. 2,500 అడుగుల లోపు రాకముందే "ఈ పారాచూట్ నడపగలనా, లేదా" అని తేల్చుకోవాలి. లేదంటే వదిలేసి రిజర్వ్. 1,000 అడుగుల కింద మెయిన్ పారాచూట్‌ని వదిలేయకూడదు, రిజర్వ్ తెరుచుకోవడానికి ఎత్తు చాలకపోవచ్చు. 2,000 దగ్గర "అనుకున్న చోటికి చేరతానా" అని తేల్చుకోవాలి. డౌట్ ఉందంటే చేరరు అనే అర్థం. వేరే చోటు ఖాయం చేసుకోండి.

తర్వాత ల్యాండింగ్. 1,000 దగ్గర గాలి వాలుకి, 600 దగ్గర గాలికి అడ్డంగా, 300 దగ్గర గాలికి ఎదురుగా. చివర్లో 10, 12 అడుగుల ఎత్తులో రెండు చేతులూ కిందకి లాగి వేగం చంపాలి. దీన్ని ఫ్లేర్ అంటారు. గాలిని బట్టి, చోటుని బట్టి అంకెలు మారతాయి, అది మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్తారు.

బైక్ రిజర్వ్‌లో పడ్డాక ఔటర్ ఎక్కి బంక్ కోసం వెతికితే ఎలా ఉంటుందో, 500 అడుగుల్లో చోటు వెతకడం అలా ఉంటుంది. తేడా ఏంటంటే బైక్ ఆగిపోతే తోసుకుంటూ పోవచ్చు.

నేనేం చేశాను

ఆ రోజు నా పారాచూట్ 4,000 అడుగుల పైనే తెరుచుకుంది. అనుకున్నదానికన్నా చాలా దూరంలో ఉన్నాను. మొదటి నిమిషం ఆ ప్రశాంతతని ఎంజాయ్ చేశాను. 2,000 దగ్గర సరిగ్గా నా కింద కోసేసిన గడ్డి పొలం ఉంది. ఒక్క చెట్టు లేదు. దూరంగా విమానాల షెడ్డు కనిపిస్తోంది. మనసులో ఒకటే లెక్క: పొలంలో దిగితే పారాచూట్ మోసుకుంటూ రెండు కిలోమీటర్లు నడవాలి, అందరూ నవ్వుతారు. షెడ్డు వైపే పోయాను.

గాలి ఎదురు. షెడ్డు పైకి లేస్తూ ఉంది, అంటే అందదని నేలే చెప్తోంది. నేను వినలేదు. 700 దగ్గర ముందు చెట్లు, వాటి వెనక రోడ్డు, కరెంటు స్తంభాలు. భయపడి వెనక్కి తిరిగాను. ఇప్పుడు గాలి వెనక నుంచి వస్తోంది, నేల సర్రున వెనక్కి పోతోంది. క్లాస్‌లో విన్న "గాలికి ఎదురుగా దిగాలి" అన్న ఒక్క మాట గుర్తొచ్చింది. 100 అడుగుల దగ్గర ఒక టాగిల్ గట్టిగా లాగి తిరిగాను.

టర్న్ కొడితే పారాచూట్ ముక్కు కిందకి వేసి దూసుకెళ్తుంది, మనిషి ఊయలలా పక్కకి లేస్తాడు. మళ్ళీ దాని కిందకి వచ్చేలోపు ఎత్తు ఖర్చయిపోతుంది. నాకు ఆ ఎత్తు లేదు. పక్కకి వాలి ఉండగానే నేల తగిలింది.

హాస్పిటల్ నుంచి వచ్చాక ఇన్‌స్ట్రక్టర్ బోర్డు మీద మళ్ళీ రాసి చూపించారు. కిందకి వచ్చేశాక వరుస ఇది. ఒకటి, పారాచూట్ వాలకుండా సమంగా ఉండాలి. రెండు, అడ్డం లేని చోటు. మూడు, ఫ్లేర్ చేసి, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి దొర్లిపోవడం. గాలికి ఎదురుగా అన్నది ఆ తర్వాతే. గాలి వెనక నుంచి వస్తున్నా తిన్నగా దిగి దొర్లి ఉంటే గీతలు పడేవేమో. తిరగడం వల్ల ఎముక పోయింది. ఇది ట్రైనింగ్‌లో ముందే చెప్పారు. తప్పు నాదే.

కానీ నన్నడిగితే అసలు తప్పు 100 అడుగుల దగ్గర జరగలేదు. 2,000 దగ్గర, ఆ గడ్డి పొలాన్ని దాటేసినప్పుడు జరిగింది. అప్పుడు నా చేతిలో మూడు దారులున్నాయి. 700 దగ్గర ఒకటుంది. 100 దగ్గర ఏమీ లేదు.

అమ్మకి ఇప్పుడు జవాబు చెప్పగలను. పారాచూట్ మనల్ని మెల్లగా దించుతుంది, అంతే. ఎక్కడ దించాలో దానికి తెలియదు. అది మనం పైన ఉన్నప్పుడే తేల్చాలి.

ట్రైనింగ్‌కి వెళ్తున్న నా ఫ్రెండ్‌కి ఒక్కటే చెప్పాను. ఈ వీడియో చూసి నేర్చుకున్నా అనుకోకు, గ్రౌండ్ క్లాస్ శ్రద్ధగా విను. దూరం పొలంలో దిగి, పారాచూట్ భుజాన వేసుకుని చెమటలు కక్కుతూ నడిచి రా. ఎవడైనా నవ్వితే నవ్వనీ. నడిచి వస్తున్నావు కదా, అది చాలు.

చిలుకూరులో మొక్కు తీరాక 108 చుట్లు తిరగాలి కదా. నావి ఏడాది లేటయ్యాయి, అది కూడా ఎడమ కాలు కొంచెం ఈడ్చుకుంటూ. అమ్మ పక్కనే నడిచింది, లెక్క తప్పకుండా.

ఈ వారానికి ఇంతే అండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.